నెత్తిమీద మోసే కెమెరా

విమానంలోంచి దూకుతూ వీడియో తీయడానికి ఏ చిన్న కెమెరా కొనాలని అడిగే మిత్రులను నేను ముందుగా వారి హెల్మెట్ ఏదో చెప్పమంటాను. నేను మాట దాటవేస్తున్నానని కొందరికి అనిపిస్తుంది. ధరల గురించి, పిక్సెళ్ల గురించి వారు అప్పటికే బోలెడంత చదివి, రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చి ఉంటారు. అయితే నాలుగేళ్లుగా నెత్తిమీద కెమెరా పెట్టుకుని దూకుతున్న నాకు అర్థమైనంతలో, ఈ పనిలో కెమెరా కంటే ముందు తేల్చుకోవలసింది దాన్ని బిగించే చోటు. ఆ చోటు తేలిందంటే దుకాణంలోని సగం కెమెరాలు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

నేను అమెరికాలోని ఆరిజోనాలో, చాండ్లర్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ తెలుగువారు చాలామందే ఉన్నారు. శనివారం పొద్దున వారు పిల్లలను సంగీతం క్లాసులకు, క్రికెట్‌కు దింపే వేళకు నేను దక్షిణాన ఉన్న ఈలాయ్ వైపు బయలుదేరుతాను. ఫీనిక్స్, టూసాన్ నగరాల మధ్య ఎడారిలో ఉన్న ఈ చిన్న ఊరు పారాషూట్ జంపులు చేసేవారికి ప్రపంచమంతటా తెలిసిన చోటు. ట్విన్ ఆటర్ విమానం మమ్మల్ని దాదాపు 13,000 అడుగుల ఎత్తుకు తీసుకువెళ్తుంది. తలుపు తెరిచి కిందికి చూస్తే ఎడారి మధ్యలో కాలువ నీటితో పండే పత్తిచేలు చతురస్రాలుగా కనిపిస్తాయి. గుంటూరు జిల్లాలో పత్తి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఆ చేలను చూసినప్పుడల్లా ఏ చేనికి తడి అందలేదో లెక్కపెట్టే పాత అలవాటు నాకు పైకి వస్తుంది. ఆ చేలతో ఈ కెమెరా కథకు సంబంధం ఉంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

కెమెరా కొనడానికి ముందు ఒక అంకె దాటాలి. ఇక్కడి యునైటెడ్ స్టేట్స్ పారాషూట్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం కనీసం 200 జంపులు పూర్తయిన తరువాతే కెమెరా పెట్టుకోవాలి. అందులోనూ ఇప్పుడు వాడుతున్న పారాషూట్ సామగ్రితోనే కనీసం 50 జంపులు చేసి ఉండాలి. నాకు 60 జంపులు అయిన రోజుల్లో ఈ నియమం వట్టి చాదస్తంగా తోచింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన వస్తువు నెత్తిమీద ఉంటే ఏమవుతుందని శిక్షకుడితో వాదించాను కూడా. ఆయన నాతో వాదనకు దిగకుండా, తరువాతి జంపులో నా పక్కనే ఎగురుతున్న వ్యక్తి బూట్ల రంగు ఏమిటో గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పమన్నారు. దిగి వచ్చి, పసుపు రంగని గొప్పగా చెప్పాను. ఆ బూట్లు చూస్తున్నంతసేపు నువ్వు చేతికున్న ఎత్తుమీటరును ఎన్నిసార్లు చూసుకున్నావని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ లెక్క ఎంత ఇరుకైనదో చెప్పాలి. పొట్ట నేలవైపు పెట్టి పడే మనిషి వేగం గంటకు 190 కిలోమీటర్ల చుట్టుపక్కల నిలబడుతుంది. అంటే సెకనుకు సుమారు 53 మీటర్లు. మా బృందం 5,000 అడుగుల దగ్గర విడిపోయి ఎవరి దారిన వారు దూరంగా జరిగి పారాషూట్ తెరుస్తాం. ఆ ఎత్తులో తెరవడం మరిచిపోయిన మనిషికి నేల సుమారు 29 సెకన్ల దూరంలో ఉంటుంది. కెమెరా ఉన్నవాడి ధ్యాస ఫ్రేములో ఎవరు ఉన్నారు, ఎవరు బయటికి పోయారు అన్నదాని మీదికి పోతుంది. అందుకే నేను కెమెరా కొనడానికి ముందే హెల్మెట్ లోపల చెవి దగ్గర కూత పెట్టే రెండో ఎత్తుమీటరును కొన్నాను. దాని ఖర్చును కూడా నేను కెమెరా ఖర్చులోనే కలిపి లెక్కవేస్తాను.

1988లో నార్త్ కరోలినాలో జరిగిన ఒక దుర్ఘటనను కెమెరా జంపులు నేర్పే ప్రతి శిక్షకుడూ ఎప్పుడో ఒకప్పుడు చెబుతాడు. ఎనిమిది వందలకు పైగా జంపులు చేసిన ఒక వ్యక్తి, ఒక విద్యార్థి జంపును వీడియో తీయడానికి విమానం ఎక్కి, తన పారాషూట్ తగిలించుకోకుండానే దూకాడు. ఆ రోజుల్లో వీడియో సామగ్రి బరువైనది. ఒంటిమీద ఉన్న ఆ బరువు వల్లనే, వీపున పారాషూట్ లేదన్న సంగతి ఆయనకు తెలియకపోయి ఉండవచ్చని భావించినవారున్నారు. అంతకు ముందు తరంలో కార్ల్ బోనిష్ వంటివారు హెల్మెట్‌కు 16 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలు బిగించుకుని దూకేవారు. వాటితో పోలిస్తే ఇప్పటి కెమెరాల బరువు ఒక జామకాయంత. అయినా మెడ లెక్క మెడకు ఉంటుంది. పారాషూట్ తెరుచుకునేటప్పుడు మామూలుగానే ఒంటిమీద మూడు నాలుగు రెట్ల భారం పడుతుంది. 150 గ్రాముల కెమెరా ఆ క్షణంలో అరకిలో పైచిలుకు బరువు తూగుతుంది. ఫోటోల కోసం సోనీ ఏ5100 వంటి మిర్రర్‌లెస్ కెమెరాను 16 మిల్లీమీటర్ల లెన్సుతో దానికి జతచేస్తే మరో 350 గ్రాములు కలిసి, ఆ క్షణంలో నెత్తిమీద రెండు కిలోలు పడతాయి. కొత్తవారిని శిక్షకుడు తన ఒంటికి కట్టుకుని దూకే టాండమ్ జంపులను వృత్తిగా చిత్రీకరించేవారు ఆ బరువును రోజుకు పదిసార్లు మోస్తారు. వారికి అది జీతం తెచ్చే పని. వారాంతంలో సరదాగా దూకేవాడు ఆ బరువును నెత్తికెత్తుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఇక బిగించే చోటు సంగతి. పారాషూట్ తెరుచుకునే సమయంలో సంచిలోంచి తాళ్లు, వాటిని పట్టి ఉంచే రైజర్లు అన్నీ మన తలకు దగ్గరగానే పైకి లేస్తాయి. మామూలుగా అవి తలకు తగలవు. శరీరం కాస్త ఒరిగి ఉన్నప్పుడు తెరుచుకుంటే తగులుతాయి. అప్పుడు హెల్మెట్ మీద కొక్కెంలాంటిది ఏదైనా ఉంటే తాడు దానికి చిక్కుకుంటుంది. తాడు కెమెరాకు చిక్కి, ప్రధాన పారాషూట్ సరిగా తెరుచుకోక, దాన్ని వదిలించుకుందామన్నా అది తలను పట్టుకుని ఉండిపోతే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. గోప్రో అనే చిన్న కెమెరా కొన్నప్పుడు డబ్బాలో వచ్చే అతుకుడు దిమ్మె, దానిమీద జారించే బకిల్, దానిపైన మర అన్నీ కలిపితే కెమెరా హెల్మెట్‌కు నాలుగు వేళ్ల ఎత్తున నిలబడుతుంది. సైకిలుకు అది చక్కగా పనిచేస్తుంది. పారాషూట్‌కు మాత్రం అది పెరట్లో బట్టలు తగిలించే కొయ్యతో సమానం.

నాకు నేర్పిన ఆయన ఒక పరీక్ష చెప్పారు. పాత పారాషూట్ తాడు ముక్క ఒకటి తీసుకుని, కెమెరా బిగించిన హెల్మెట్‌ను బల్లమీద పెట్టి, ఆ తాడును ముందునుంచి వెనక్కి, పక్కనుంచి పక్కకు, వెనకనుంచి ముందుకు లాగుతూ పోవాలి. తాడు ఎక్కడ ఆగితే అక్కడ టేపు వేయాలి, లేదా వాలుగా ఉండే తొడుగు బిగించాలి, లేదా కెమెరాను అక్కడినుంచి తీసేయాలి. నా మొదటి ఏర్పాటు ఈ పరీక్షలో ఐదుచోట్ల ఆగింది. దానితోపాటు గడ్డం కింది పట్టీకి, ఒక్క లాగుతో హెల్మెట్‌ను తల నుంచి విడిపించే కట్‌అవే ఏర్పాటు ఉన్న హెల్మెట్‌నే తీసుకోవాలని ఆయన పట్టుబట్టారు. చిక్కు పడినప్పుడు కెమెరా, హెల్మెట్ రెండూ పోయినా మనిషి మిగులుతాడు. కుకీ, టాన్‌ఫ్లై, బోన్‌హెడ్ వంటి సంస్థలు జంపుల కోసమే హెల్మెట్లు తయారుచేస్తాయి. తలకు సరిపోయేది ఎంచుకుని, కెమెరాను దానికి బిగించి ఉంచే తక్కువ ఎత్తు మౌంట్ దొరుకుతుందా అని చూసుకుని, ఆ మౌంట్‌లో కూర్చునే కెమెరా కోసం వెతకాలి. వరస ఇది.

ఈ వరస తెలిసి కూడా నేను తప్పు చేశాను. 200 జంపులు దాటిన ఉత్సాహంలో, అసలు మౌంట్ వచ్చేదాకా ఆగలేక, గుండ్రటి హెల్మెట్ మీద చదునైన అతుకుడు దిమ్మెను అంటించాను. అది జూన్ నెల. ఆరిజోనా జూన్ అంటే మన రెంటచింతల మే నెలను రెండు నెలలు సాగదీసినట్లు ఉంటుంది. హెల్మెట్‌ను మధ్యాహ్నమంతా కారులో వదిలేశాను. సాయంత్రం ఏడో కెమెరా జంపులో పారాషూట్ తెరుచుకున్న కుదుపుకు చెవి దగ్గర టప్పుమని చిన్న చప్పుడు వినిపించింది. చేయి పెట్టి చూస్తే దిమ్మె ఉన్నచోట జిగురు మాత్రమే ఉంది. కెమెరా ఆ పత్తిచేలలో ఎక్కడో పడింది. కింద ఎవరూ లేకపోవడం నా అదృష్టం. అంత ఎత్తునుంచి పడే వస్తువు ఎవరి తలమీద పడినా ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దిగగానే నిర్వాహకులకు జరిగింది చెప్పి, మర్నాడు చేనుగట్ల వెంట రెండు గంటలు తిరిగాను. పత్తికాయలు కనిపించాయి గాని కెమెరా కనిపించలేదు. ఆ తరువాత జిగురును నమ్మడం మానేశాను. ఇప్పుడు నా మౌంట్ హెల్మెట్ చిప్పకు మరలతో బిగించి ఉంటుంది, జంపుకు ముందు ఆ మరలను వేలితో కదిపి చూస్తాను. అయస్కాంతంతో టక్కున అతుక్కునే కొత్తరకం మౌంట్లు, డీజేఐ యాక్షన్ కెమెరాలకు ఉండేలాంటివి, బయట వాడకానికి ఎంతో హాయిగా ఉంటాయి. వాటితో విమానం తలుపు దాటడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

రెండో కెమెరా కోసం చూసినప్పుడు నా ముందు నాలుగు దారులు ఉన్నాయి. పాతవారందరూ ప్రేమగా తలచుకునేది గోప్రో సెషన్. 2015లో వచ్చిన ఆ చిన్న ఘనం 74 గ్రాములే. ఒకే గుండీతో పనిచేసేది, హెల్మెట్ పక్కన బుద్ధిగా ఒదిగేది. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది కనుక వాడేసిన సరుకే దొరుకుతుంది, బ్యాటరీ మార్చే వీలు లేని కెమెరాను వాడేసింది కొనడం నాకు ఇష్టం లేకపోయింది. ఇన్‌స్టా360 గో 3 బొటనవేలంత ఉంటుంది, 35 గ్రాములు. బరువు విషయంలో దానికి సాటి లేదు గాని, నేను తీసేది బృందపు జంపులు కనుక, అంచుల్లో కాళ్లు చేతులు స్పష్టంగా కనిపించాలి. అందుకు దాని చిత్రం నాకు ఆనలేదు. అన్ని దిక్కులూ ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరాలు చూడముచ్చటైన వీడియోలు ఇస్తాయి. వాటి రెండు లెన్సులకూ చుట్టూ ఖాళీ కావాలి, అంటే కెమెరా హెల్మెట్‌కు దూరంగా కర్రమీద నిలబడాలి. తాడు పరీక్షలో అది మొదటి లాగుకే ఓడిపోతుంది. మామూలు గోప్రో హీరో 11, 12 మోడళ్లు 154 గ్రాములు ఉంటాయి, వెనక ముందు తెరలు ఉంటాయి. నెత్తిమీద ఉన్న తెరను ఎవరు చూడాలి?

చివరకు 2022లో వచ్చిన హీరో 11 బ్లాక్ మినీ తీసుకున్నాను. బరువు 133 గ్రాములు, వెడల్పు ఐదు సెంటీమీటర్ల పైచిలుకు. వెనక పెద్ద తెర లేదు, రికార్డింగుకు ఒక్క గుండీ నొక్కితే చాలు, బిగించే మడత కొక్కేలు అడుగునా వెనకా రెండుచోట్ల ఉన్నాయి. వెనకవైపు కొక్కేలను వాడితే మౌంట్ కిందనుంచి పొడుచుకుని రాదు, కెమెరా చిప్పకు ఆనుకుని కూర్చుంటుంది. దీనిలోనూ బ్యాటరీ మార్చే వీలు లేదు. కొత్తది కనుక ఆ లోపాన్ని ఒప్పుకున్నాను. ఒక్కో జంపుకు నేను నాలుగైదు నిమిషాలే రికార్డు చేస్తాను కనుక, పారాషూట్ మడతపెట్టుకునే విరామంలో చార్జింగుకు పెడితే రోజంతా గడిచిపోతుంది. 13,000 అడుగుల ఎత్తున నేలమీదికంటే దాదాపు 26 డిగ్రీలు చల్లగా ఉంటుంది. చలికాలపు ఉదయాల్లో పాత బ్యాటరీలు పైకి చేరేసరికే నీరసించేవి. ఇందులో ఉన్న చలిని తట్టుకునే బ్యాటరీతో నాకు ఇంతవరకు ఆ ఇబ్బంది రాలేదు.

మెమరీ కార్డు లెక్క సులువు. సెకనుకు 120 మెగాబిట్ల చొప్పున ఐదు నిమిషాలకు నాలుగున్నర గిగాబైట్లు అవుతాయి. 128 జీబీ కార్డులో పాతిక జంపులకు పైగానే పడతాయి. రాసే వేగాన్ని తెలిపే వీ30 గుర్తు ఉన్న కార్డు చాలు.

చాలామంది పొరబడేది చిత్రం వెడల్పు దగ్గర. కొత్త కెమెరాతో తీసిన మొదటి వీడియోలో మా నలుగురు మిత్రులు నలుగురు చీమల్లా కనిపించారు. వెడల్పాటి లెన్సు దగ్గరున్నవాటిని చుట్టూ చాపి, కాస్త దూరాన ఉన్నవాటిని వెనక్కి నెట్టేస్తుంది. మనకు కంటికి ఎదురుగా ఉన్నట్లు తోచే పది మీటర్ల దూరం వీడియోలో వీధి చివరంత అవుతుంది. దిగంతం పళ్లెంలా వంగిపోతుంది. అందుకని వంపును సరిచేసి చూపే లీనియర్ అమరికను వాడుతూ, బృందానికి మూడు నాలుగు మీటర్ల దగ్గరలో ఎగరడం నేర్చుకున్నాను. అంత దగ్గరగా, వారికి తగలకుండా, వారి గాలికి అడ్డం రాకుండా ఎగరడం వచ్చేదాకా ఏ కెమెరా కొన్నా చీమలే కనిపిస్తాయి. 200 జంపుల నియమానికి ఇది ఇంకో కారణమని తరువాత తెలిసింది.

కెమెరా ఎటు చూస్తున్నదో తెలుసుకోవడానికి వృత్తినిపుణులు కంటి ముందు రింగ్‌సైట్ అనే చిన్న గురి అద్దం పెట్టుకుంటారు. నేను చేసింది చవక పని. హెల్మెట్ పెట్టుకుని గోడకు ఎదురుగా నిలబడి, కెమెరా చిత్రాన్ని ఫోనులో చూస్తూ, ఫ్రేము నడిమధ్యకు వచ్చిన బిందువును ఒక కన్ను మూసి చూసి, ఆ గీత ముఖం మీది అద్దాన్ని దాటేచోట చిన్న ఎర్ర చుక్క అంటించాను. గాలిలో ఆ చుక్కను ఎవరిమీద పెడితే వారు మధ్యలో ఉంటారు. మా చెల్లెలు ఆ ఫోటో చూసి, అన్నయ్య అద్దానికి బొట్టు పెట్టాడని నవ్వింది.

వెలుతురు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జంపు మొత్తంలో మళ్లీ మళ్లీ చూసుకునేది తలుపు దాటే మొదటి రెండు సెకన్లే. విమానం లోపల చీకటిగా ఉంటుంది. కెమెరా ఆ చీకటికి తగ్గట్టు చిత్రాన్ని ప్రకాశవంతం చేసుకుని కూర్చుంటుంది. తలుపు దాటగానే ఎడారి ఎండ మొహాన కొడితే, అది తేరుకునేలోపు చిత్రమంతా సున్నం కొట్టినట్లు తెల్లబోతుంది. కెమెరా వెలుతురును ఎంతగా పెంచి చూపుతుందో నిర్ణయించే ఐఎస్‌వో గరిష్ఠ పరిమితిని 400కు తగ్గించి, ఎక్స్‌పోజర్‌ను సగం మెట్టు కిందికి దించి, రంగుల తీరును నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను 5500 దగ్గర కట్టేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. విమానం లోపలి దృశ్యం కొంచెం నల్లగా వస్తుంది. అందులో చూడవలసింది మోకాళ్లు తప్ప ఏముంది గనుక. సూర్యాస్తమయపు జంపులో మాత్రం ఈ పరిమితిని 1600కు పెంచాలి. లేకపోతే వెలుతురు చాలక షట్టర్ నెమ్మదించి, కుదుపులను సరిచేసే ఏర్పాటు ఎంత గట్టిదైనా అంచులు అలికినట్లు వస్తాయి. చిత్రం స్పష్టత విషయంలో నేను 4కే, సెకనుకు 60 ఫ్రేముల దగ్గర ఆగిపోయాను. 5.3కే పెడితే కెమెరా మరింత వేడెక్కుతుంది. వేసవిలో గాలి ఆడని విమానంలో పావుగంట ఎక్కడం దానికి చిన్న శిక్షేమీ కాదు. అందుకే పైకి వెళ్లేటప్పుడు కెమెరాను ఆపి ఉంచి, తలుపు తెరవడానికి ముందు మొదలుపెడతాను.

మొదలుపెట్టానా లేదా అన్నది ఇంకో తంటా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లు, నెత్తిమీద ఉన్న కెమెరా వెలిగిందో లేదో మనకే కనిపించదు. ఇంజన్ల హోరులో దాని కూత వినిపించదు. మా విమానంలో తలుపు తెరిచే ముందు అందరం ఒకరి నెత్తి ఒకరం చూసుకుని, ఎర్ర దీపం వెలుగుతుంటే బొటనవేలు పైకెత్తుతాం. ఒకసారి నాకు బొటనవేలు చూపిన అబ్బాయి నా వెనకవాడి దీపం చూశాడట. ఆ రోజు మేము కట్టిన ఎనిమిదిమంది వలయం మా మాటల్లో తప్ప ఎక్కడా లేదు.

మొదటిసారి టాండమ్ జంపుకు వెళ్లే తెలుగువారు తమ ఫోనునో కెమెరానో తీసుకువెళ్లవచ్చా అని అడుగుతుంటారు. నేను చూసినంతలో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు. సాధారణంగా రెండు రకాల వీడియోలు దొరుకుతాయి. శిక్షకుడి మణికట్టుకు కట్టిన కెమెరాతో తీసేది ఒకటి; అందులో మీ ముఖం, గాలికి అలలు పోయే బుగ్గలతో సహా, తెరనిండా ఉంటుంది. పక్కన విడిగా దూకే మనిషి తీసేది రెండోది. దానికి డబ్బు ఎక్కువ, కాని మీ వెనక విమానం చిన్నదైపోతూ, కింద నేల కనిపిస్తూ మీరిద్దరూ పూర్తిగా కనబడతారు. ఒక్కసారే దూకేవారికి నేను రెండోదే చెబుతాను.

నేను తీసిన వీడియోలను నెలకోసారి ఏరి, నిమిషానికి కుదించి, గుంటూరులో ఉన్న అమ్మకు వాట్సాప్‌లో పంపుతాను. వీళ్లందరూ బాగున్నారు గాని నువ్వెక్కడ రా అని ఆమె ప్రతిసారీ అడిగేది. కెమెరా నెత్తిమీద ఉన్నవాడు వీడియోలో ఉండడని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు నచ్చలేదు. పోయిన నెల పంపిన దానిలో మాత్రం ఆమే నన్ను వెతికి పట్టుకుంది. వీడియోలో ప్రతి పది సెకన్లకు ఎడమ మూలనుంచి ఒక చేయి వచ్చి, మణికట్టు తిప్పి, వెళ్లిపోతుంటుంది. అది ఎత్తుమీటరు చూసుకునే నా చేయి. ఫ్రేముకు అడ్డం వస్తున్నదని దాన్ని కత్తిరించేద్దామనుకున్నాను. అమ్మ కత్తిరించవద్దన్నది.